తుక్కులోంచి లేచే బుల్లెట్

చిత్తూరులోనో తిరుపతిలోనో పాత ఇనుప సామాన్ల కొట్టుకు వెళితే ముందు కంటబడేవి తెగిన బోరు పైపులు, కాలిపోయిన మోటార్లు, సైకిలు రిమ్ములు. వాటి మధ్య ఎప్పుడో ఒకసారి ఓ పాత బుల్లెట్ మోటారు సైకిలు తగులుతుంది. ట్యాంకుకు చిల్లు, సీటు ఉండాల్సిన చోట వట్టి స్ప్రింగులు, చక్రాలకు తుప్పు. ఇంజను మాత్రం ఛాసిస్‌లోనే ఉంటుంది. కిక్ రాడ్డు మీద కాలు పెట్టి తొక్కితే కదలదు. కొట్టువాడి లెక్కలో అది కాటా మీద పెట్టి కిలోల్లో తూచి అమ్మే సరుకు. బుల్లెట్ తెలిసిన మెకానిక్ లెక్క వేరు. ఛాసిస్ నంబరు చెరిగిపోకుండా ఉందా, క్రాంక్‌కేసు పగలకుండా ఉందా, కాగితాలు ఉన్నాయా అని చూస్తాడు. ఆ మూడూ ఉంటే బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. ఇంత పాతబడ్డాక కూడా ఇంత నమ్మకంగా లేపగలిగే బండ్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఎందుకు లేస్తుందో తెలియాలంటే ఎలా పుట్టిందో చూడాలి.

దాని పుట్టిల్లు మనకు దూరమేమీ కాదు. మద్రాసు ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉన్న తిరువొత్తియూరు. త్యాగరాజస్వామి అయిదు కృతులు కట్టింది ఆ ఊరి త్రిపురసుందరి అమ్మవారి మీదే. అసలు వేరు మాత్రం ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో ఉంది. ఎన్‌ఫీల్డ్ కంపెనీ అక్కడ 1901లో తొలి మోటారు సైకిలు చేసింది, 1932లో బుల్లెట్ అనే పేరు పెట్టింది. మనం ఎరిగిన బుల్లెట్‌కు మూలం 1949లో అమ్మకానికి వచ్చిన 350 సీసీ మోడల్. అప్పటిదాకా చాలా బండ్లకు వెనక చక్రాన్ని ఛాసిస్‌కే గట్టిగా బిగించేవాళ్లు. గతుకుల దెబ్బంతా సీటు కింది స్ప్రింగులూ, నడిపేవాడి నడుమూ మోసేవి. కొత్త బుల్లెట్‌లో వెనక చక్రాన్ని కీలు మీద పైకీ కిందికీ ఊగే ఫోర్కుకు తగిలించి, రెండు పక్కలా షాకబ్జార్లు పెట్టారు. ఆ 350 మీదే జానీ బ్రిటెన్ అనే రైడరు 1952లో స్కాట్లండు ఆరు రోజుల ట్రయల్ పోటీ గెలిచాడు.

అదే ఏడు భారత సైన్యం సరిహద్దుల్లో తిరగడానికి 800 బుల్లెట్లు కావాలని మద్రాస్ మోటార్స్‌కు ఆర్డరు ఇచ్చింది. కొండదారుల్లో, మట్టి బాటల్లో అవి నిలబడ్డాయి. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టి తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టాయి. మొదట్లో భాగాలన్నీ ఓడల్లో పెట్టెలుగా వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్లు. 1956 చివరికి బయటికొచ్చినవి 163 బండ్లే. ఆ తర్వాత ఒక్కొక్క భాగాన్నీ ఇక్కడే పోత పోయడం, తరగడం నేర్చుకున్నారు.

అక్కడి నుంచి కథ తలకిందులైంది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970 నాటికి ఇంగ్లండులో కంపెనీయే లేకుండా పోయింది. మద్రాసులో మాత్రం అదే ఇంజను, అదే ఛాసిస్ తయారవుతూనే ఉన్నాయి. 1977లో మద్రాసు బుల్లెట్లు ఓడెక్కి ఇంగ్లండుకే వెళ్లాయి. 1985 ప్రాంతంలో వంద సీసీ జపాను బండ్లు మన రోడ్లమీదికి వచ్చి మైలేజీలో బుల్లెట్‌ను చాలా వెనక్కి నెట్టేశాయి. 1994లో ఐషర్ గ్రూపు చేతికి వెళ్లేనాటికి ఎన్‌ఫీల్డ్ ఇండియా కష్టాల్లో ఉన్న కంపెనీ. బుల్లెట్ డిజైను అర్ధ శతాబ్దం మారలేదని అప్పుడూ ఇప్పుడూ తప్పు పట్టేవాళ్లున్నారు. నేను ఆ మాటను మరోవైపు నుంచి చూస్తాను. డిజైను మారలేదు కాబట్టే అరవైల నాటి ఇంజనుకు తొంభైల నాటి భాగాలు చాలావరకు పడతాయి. చెన్నైలో ఎగ్మూరు పక్కన పుదుపేట పాత సామాన్ల వీధుల్లో ఓ గేరు చక్రమో, ఓ టైమింగ్ కవరో వెతికి తెచ్చి చిత్తూరులో బిగించగలుగుతున్నామంటే కారణం అదే. ఏటా మారే బండికి పదేళ్లు దాటాక సామాను దొరకదు.

రెండో కారణం దాని నిర్మాణంలో ఉంది. ఇప్పటి బండ్లలో ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే పోతలో ఉంటాయి. గేరు పళ్లు అరిగితే ఇంజనంతా దించి నడిమికి విప్పాలి. పాత బుల్లెట్‌లో గేర్‌బాక్సు వేరే పెట్టె. క్రాంక్‌కేసు వెనక బోల్టులతో బిగించి ఉంటుంది. ఎడమ పక్క చైన్‌కేసులో క్లచ్, కుడి పక్క టైమింగ్ గేర్లు, పైన బోరు, ఆపైన హెడ్. ఎవరి గది వారిదే. ఒక గదిలో జబ్బుకు మరో గది తలుపు తెరవక్కర్లేదు. మామూలు స్పానర్లూ, ఒకటి రెండు పుల్లర్లూ, ఓపికా ఉన్న మనిషి ఆ ఇంజను మొత్తాన్ని గోనెపట్టా మీద పరచగలడు.

పరిచాక అసలు పని మొదలవుతుంది. కొట్టు నుంచి తెచ్చిన బండిని చూడగానే మన మెకానిక్ అడిగే మొదటి మాట: "పట్టేసిందా నైనా, రాడ్డు కొట్టేసిందా?" రెండూ వేరు వేరు జబ్బులు.

పట్టేయడం అంటే పిస్టన్ బోరులో బిగుసుకుపోవడం. ఏళ్ల తరబడి వానలో నిలబడ్డ బండిలోకి కార్బొరేటరు గుండానో, సైలెన్సరు గుండానో తేమ చేరుతుంది. పోత ఇనుప బోరుకు తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి పిస్టన్ రింగుల చుట్టూ ఉన్న సన్నటి ఖాళీ పూడిపోతుంది. ఇక్కడ సుత్తి పట్టుకున్నవాడు పిస్టన్‌నూ రాడ్డునూ కలిపి పోగొట్టుకుంటాడు. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు, పల్చటి నూనె పోసి కొన్ని రోజులు నాననివ్వాలి, ఆపైన బోరును బయటినుంచి మెల్లగా వేడి చేయాలి.

బోరు బయటికి వచ్చాక లేత్ షాపులో రీబోరు చేయిస్తారు. బుల్లెట్ 350 బోరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90. లెక్క వేస్తే 346 సీసీ. అరిగిన బోరును తరిగి 20 థౌ, 40 థౌ ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. తరగడం కన్నా పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఎంత ఖాళీ వదలాలన్నదే కష్టమైన సంగతి. పిస్టన్ అల్యూమినియం, బోరు ఇనుము. వేడి 100 డిగ్రీలు పెరిగితే 70 మిల్లీమీటర్ల అల్యూమినియం దాదాపు 0.16 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది, అంతే ఇనుము అందులో సగమే వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఉన్న ఖాళీని వేడి తినేస్తుందన్నమాట. తక్కువ వదిలితే ఎండాకాలం పాకాల దాటకముందే పిస్టన్ మళ్లీ పట్టేస్తుంది. ఎక్కువ వదిలితే పిస్టన్ గోడలకు కొట్టుకుంటుంది, ఆయిలు మండి నీలిపొగ వస్తుంది. ఈ వెంట్రుకవాసి లెక్క తెలిసిన లేత్ మనిషి దొరకడమే బండి అదృష్టం అని నా నమ్మకం. రంగులూ మెరుపులూ ఆ తర్వాతి మాట.

రాడ్డు కొట్టేయడం ఇంకా లోతు జబ్బు. కనెక్టింగ్ రాడ్డు కింది కొసన, క్రాంక్ పిన్ను చుట్టూ, మద్రాసు బుల్లెట్లలో బాల్ బేరింగు గానీ రోలరు గానీ ఉండేది కాదు. రాడ్డుకూ పిన్నుకూ మధ్య రెండు వైపులా నూనె పొర మీద స్వేచ్ఛగా తిరిగే బుష్షు ఉండేది. నూనె శుభ్రంగా అందినంతకాలం అది చక్కగా పనిచేస్తుంది. ఆయిలు మార్చకుండా నడిపితే మొదట చచ్చేది అదే. ఇంజను లోపల్నుంచి లోహం మీద లోహం మోగే గట్టి చప్పుడు వస్తుంది. ఇప్పుడు చాలామంది క్రాంకు విప్పినప్పుడే బుష్షు తీసేసి రోలర్ బేరింగు వేయిస్తున్నారు. హైవే మీద గంటల తరబడి నడిపేవాళ్లకు అది మంచి పని. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి మంచి బుష్షు, వేళకు ఆయిలు చాలు.

బుల్లెట్ చప్పుడు గురించి చెప్పకపోతే దాని అభిమానులు ఊరుకోరు. ఫోర్‌స్ట్రోక్ ఇంజను క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. నిమిషానికి 720 చుట్ల ఐడ్లింగులో సెకనుకు 6 పేలుళ్లు. చెవి వాటిని విడివిడిగా పట్టగలదు. అంత నెమ్మదిగా ఉన్నా ఇంజను ఆగిపోకుండా తిప్పేది బరువైన ఫ్లైవీలు. ఆ బరువే కిక్ కొట్టేవాడికి పరీక్ష. అందుకే డీకంప్రెసర్ లివరు పెట్టారు. అది నొక్కితే ఎగ్జాస్ట్ వాల్వు కొద్దిగా లేచి లోపలి ఒత్తిడిని బయటికి వదిలేస్తుంది. ఇగ్నిషన్ తాళం తిప్పి కిక్‌ను మెల్లగా తొక్కుతూ ఆంపియర్ మీటరు చూడాలి. ముల్లు మధ్యకు వచ్చిందంటే నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు తెరుచుకున్నాయని అర్థం. అప్పుడు డీకంప్రెసర్ నొక్కి పిస్టన్‌ను కొంచెం దాటించి, లివరు వదిలి, నిండుగా ఒక్క కిక్. బలం కన్నా ఈ క్రమం ముఖ్యం.

కరెంటు సంగతి మాత్రం మార్చక తప్పదు. పాత బండ్లు 6 వోల్టులవి. 36 వాట్ల దీపం వెలగాలంటే 6 వోల్టుల బండిలో 6 ఆంపియర్లు పారాలి, 12 వోల్టుల బండిలో 3 చాలు. తీగలో వృథా అయ్యే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగో వంతుకు పడిపోతుంది. దీపం తెల్లగా వెలుగుతుంది, కనెక్షన్లు కాలవు. రీబిల్డ్‌లో ఆల్టర్నేటరు, రెక్టిఫయరు, కాయిలు, బల్బులు అన్నీ కలిపి మార్చాలి. 12 వోల్టుల బ్యాటరీకి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. 1985లో మొదలైన అమరరాజా కంపెనీ బ్యాటరీల ఫ్యాక్టరీ రేణిగుంట దగ్గరి కరకంబాడిలోనే ఉంది.

ఇక రూపం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మడ్‌గార్డులు కోసి బండి తేలిక చేసుకున్నారు. ఇంగ్లండులో హ్యాండిల్ దించి, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపి కెఫే రేసర్లు చేశారు. స్విట్జర్లండులో ఫ్రిట్జ్ ఎగ్లీ అనే ఇంజనీరు మన మద్రాసు బుల్లెట్లనే తెప్పించుకుని, ఇంజను సైజు పెంచి, వాటిని గట్టి స్పోర్ట్స్ బండ్లుగా మలిచాడు. ఆ మోజు మన కుర్రాళ్లకూ ఉంది. అయితే ఇక్కడ రెండు హద్దులు గట్టిగా చెప్పాలి.

ఒకటి చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రమాణాలను దాటి బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని మరోసారి ఖాయం చేసింది. రంగు, చిన్న చిన్న అమరికలు వేరు. ఛాసిస్ కోయడం, దాని రూపం మార్చడం వేరు. పోనీ వింటేజ్ అని రిజిస్టరు చేయిద్దామా అంటే, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి అసలు రూపం చెడకుండా ఉన్న బండికే ఆ హోదా. కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అక్షరాలు. ఆ బండిని ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్లవచ్చు, రోజూ తిరగడానికి వీల్లేదు. కాబట్టి రోడ్డు మీద నడపాలనుకునే వాడికి దారి ఒకటే: ఆర్సీ గడువును అయిదేళ్లకోసారి పొడిగించుకుంటూ, ఛాసిస్‌ను ముట్టకుండా, సీటు, మడ్‌గార్డు, రంగుల దగ్గర తన ఇష్టం తీర్చుకోవడం.

రెండోది భౌతికశాస్త్రం. ముందు ఫోర్కును పొడుగు చేసి ముందుకు వాలిస్తే, స్టీరింగు ఇరుసు గీత నేలను తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం పెరుగుతుంది. తిన్నటి రోడ్డు మీద బండి నిలకడగా పోతుంది గానీ వంపుల్లో తిరగనని మొండికేస్తుంది. భాకరాపేట ఘాట్‌లో అలాంటి బండి ప్రాణానికే ముప్పు.

తిరుమల కొండనే తీసుకోండి. బండి 165 కిలోలు, మనిషి 75 అనుకుంటే మొత్తం 240. ఎక్కాల్సిన ఎత్తు కనీసం 700 మీటర్లు. అరగంటలో ఎక్కితే కేవలం ఎత్తు కోసం కావాల్సింది ఒక హార్స్‌పవరు పైచిలుకు. బుల్లెట్ దగ్గర 18 ఉన్నాయి. కాబట్టి ఎక్కడం సమస్య కాదు. గాలి తగలని నెమ్మది వేగంలో ఇంజను చల్లారడం సమస్య. అసలు పరీక్ష దిగేటప్పుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ బండిని ఒక్కసారి ఆపితే బ్రేకుల్లో పుట్టే వేడి గుక్కెడు నీళ్లను మరిగించేంత ఉంటుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, అంటే ఇప్పుడు మనం దిగే రోడ్డు, పైనుంచి కింది దాకా వదిలించుకోవాల్సిన శక్తి అలాంటి ఆపుళ్లు దాదాపు యాభైకి సమానం. పాత డ్రమ్ము బ్రేకు ఒక్కటే ఆ భారం మోయలేదు. లైనర్లు వేడెక్కి పట్టు సడలుతుంది. రెండో గేరులో దించి ఇంజను చేత ఆపించాలి. రీబిల్డ్‌లో డబ్బు తక్కువ పడితే క్రోమ్ మానేయండి, బ్రేకు లైనర్లు, కేబుళ్లు, డ్రమ్ముల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఎడమ కాలికి బ్రేకు, కుడి కాలికి గేరు ఉన్న పాత బండి అయితే ఆ అలవాటు కొండమీద నేర్చుకునేది కాదు, ఖాళీ మైదానంలో నేర్చుకోవాలి.

అంతా బిగించి స్టార్టు చేశాక ఇంకో ఓపిక ఉంది. కొత్త రింగులూ రీబోరు గోడా ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకోవాలి. మొదటి 500 కిలోమీటర్లు వేగం 50 దాటనీయకుండా, ఒకే వేగంలో సాగదీయకుండా నడపాలి. తొలి ఆయిలు త్వరగా మార్చాలి. దాంతోపాటే లోహపు రజను బయటికి పోతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు మళ్లీ బిగించి, ట్యాపెట్లు చూడాలి. పుష్‌రాడ్డును రెండు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. దానికి వేరే కొలత పరికరం అక్కర్లేదు. హెడ్ నట్లూ ట్యాపెట్లూ సరిగ్గా ఉంటే చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు వెళ్లి రావచ్చు.