పెద్ద జట్లు వెళ్లిపోయాక

2010 సెప్టెంబరు 17న పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ ఒక విరాళం సంగతి బయటపెట్టింది. సహజవాయువు వ్యాపారంలో గడించిన టెర్రీ పెగులా, ఆయన భార్య కిమ్ కలిసి 8.8 కోట్ల డాలర్లు ఇస్తున్నారు. ఆ డబ్బుతో ఐస్ హాకీ స్టేడియం కట్టాలి, అప్పటిదాకా క్లబ్బు స్థాయిలో ఆడుతున్న జట్టును పూర్తిస్థాయి కాలేజీ జట్టుగా తీర్చిదిద్దాలి. అదే ఏడాది పెగులా తన గ్యాస్ కంపెనీని షెల్‌కు 470 కోట్ల డాలర్లకు అమ్మేశారు కాబట్టి ఆయనకిది పెద్ద బరువేమీ కాదు. పెన్ స్టేట్ విద్యార్థులు పండగ చేసుకున్నారు. ఆ చెక్కు దెబ్బ పదేళ్లు తిరిగేసరికి అటు అలాస్కాకూ ఇటు అలబామాకూ తగులుతుందని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

హాకీ అంటే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు. ఇది ఆ ఆట కాదు; కాళ్లకు స్కేట్లు కట్టుకుని మంచు రింకు మీద ఆడేది. అమెరికాలో కాలేజీలు కొన్ని కలిసి ఒక కాన్ఫరెన్సుగా ఏర్పడతాయి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలి, టీవీ హక్కులు ఎవరికి అమ్మాలి, వచ్చినది ఎలా పంచుకోవాలి అన్నీ కాన్ఫరెన్సే తేలుస్తుంది. వాటిలో డబ్బున్నది బిగ్ టెన్. మిషిగన్, మిన్నెసోటా, ఒహాయో స్టేట్, పర్‌డ్యూ... మన పిల్లలు ఎంఎస్‌కు దరఖాస్తులు పెట్టుకునే రోజుల్లో ఇళ్లలో వినపడే పేర్లే ఇవి. వీటి క్రీడా విభాగాలను పోషించేది అమెరికన్ ఫుట్‌బాల్, దాని తర్వాత బాస్కెట్‌బాల్. హాకీ ఆ లెక్కల్లో చిన్న పద్దు.

చిన్న పద్దు కావడం వల్లనే అందులో మరే ఆటలోనూ లేని సమానత్వం కొన్ని దశాబ్దాల పాటు నిలిచింది. కెనడా సరిహద్దు నది ఒడ్డున సూ సెయింట్ మేరీ అనే చిన్న ఊరుంది. అక్కడి లేక్ సుపీరియర్ స్టేట్ కాలేజీ మిగతా ఆటలన్నీ రెండో డివిజన్‌లోనే ఆడుతుంది. హాకీలో మాత్రం 1988, 1992, 1994లలో మూడుసార్లు జాతీయ ఛాంపియన్. హౌటన్‌లోని మిషిగన్ టెక్‌దీ ఇదే కథ: 1962, 1965, 1975లలో మూడు టైటిళ్లు. ఇలాంటి కాలేజీలు మిషిగన్, మిన్నెసోటా వంటి దిగ్గజాలతో ఒకే కాన్ఫరెన్సులో ఏళ్ల తరబడి భుజం భుజం కలిపి ఆడాయి. మిషిగన్ వైపు జట్లది సీసీహెచ్ఏ, మిన్నెసోటా వైపు జట్లది డబ్ల్యూసీహెచ్ఏ.

ఈ సమానత్వానికి ఒక ఆర్థిక ఆధారం ఉంది. కాలేజీ హాకీలో మామూలుగా శుక్రవారం ఒక ఆట, శనివారం ఒక ఆట, రెండూ అదే ఊళ్లో. గేటు వసూళ్లు ఆతిథ్యమిచ్చిన జట్టువి. బిగ్ రాపిడ్స్ అనే పట్నంలో ఫెర్రిస్ స్టేట్ రింకు పట్టేదే రెండున్నర వేల మంది. మిషిగన్ జట్టు బస్సు దిగిందంటే ఆ రెండు రాత్రులూ సీటు దొరకదు. ఆ ఆటలు చూడాలని సీజన్ టికెట్ మొత్తం కొనేవాళ్లు ఉంటారు, ఆ వారాంతంలో ఊరి హోటళ్లు, బార్లు కళకళలాడతాయి, పక్క ఊరి వ్యాపారి రింకు గోడ మీద ప్రకటన వేయిస్తాడు. డబ్ల్యూసీహెచ్ఏకు దీనిపైన ఇంకో ఆదాయం ఉండేది. సెయింట్ పాల్‌లో సీజన్ చివర జరిగే టోర్నీకి జనం పోటెత్తేవారు. ఆ రాబడి చిన్నాపెద్దా సభ్యులందరికీ పనికొచ్చేది. సంతకు పెద్ద బేరగాళ్లు వస్తేనే చిన్న కొట్లకూ బేరం.

ఆరు జట్లుంటేనే ఒక ఆటకు సొంత పోటీలు పెట్టాలన్నది బిగ్ టెన్ నియమం. హాకీ ఆడే సభ్యులు అప్పటికి ఐదుగురే: మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్, మిన్నెసోటా, విస్కాన్సిన్. పెగులా విరాళంతో పెన్ స్టేట్ ఆరోదైంది. 2011 మార్చిలో ప్రకటన వచ్చింది, 2013–14 నుంచి బిగ్ టెన్ హాకీ మొదలు.

ఇందులో టీవీ ఒత్తిడి ఎంతో చూడాలి. బిగ్ టెన్ 2007లో ఫాక్స్‌తో కలిసి సొంత ఛానెల్ పెట్టింది. ఫుట్‌బాల్ సీజన్ ముగిశాక చలికాలపు శుక్రవారం రాత్రులను నింపే సరుకు దానికి కావాలి. మిన్నెసోటా వెళ్లి నార్త్ డకోటాతో తలపడితే ఆ ప్రసారం బిగ్ టెన్‌ది కాదు. మిషిగన్‌తో తలపడితే ఇంటి సొత్తు. హాకీ వల్ల కోట్లు కురుస్తాయని ఎవరూ అనుకోలేదు. ఛానెల్‌కు గంటలు దొరుకుతాయి, అంతే. ఆ గంటల కోసం అరవై ఏళ్ల పోటీలు తెగిపోయాయి.

మిగిలిన వాళ్లలో కాస్త స్తోమత ఉన్నవాళ్లకు భయం పట్టుకుంది. నార్త్ డకోటాలో కేసినో యజమాని రాల్ఫ్ ఎంగెల్‌స్టాడ్ పదికోట్ల డాలర్లకు పైగా పోసి కట్టించిన స్టేడియం ఉంది. పదకొండు వేలకు పైగా సీట్లు. వాటిని నింపాలంటే పేరున్న ప్రత్యర్థులు రావాలి. 2011 జులైలో నార్త్ డకోటా, డెన్వర్, కొలరాడో కాలేజ్, మిన్నెసోటా డులూత్, ఒమాహా, మయామీ కలిసి ఎన్‌సీహెచ్‌సీ అనే కొత్త కాన్ఫరెన్సు ప్రకటించాయి. రెండు నెలలకు వెస్ట్రన్ మిషిగన్, సెయింట్ క్లౌడ్ స్టేట్ చేరాయి. నోట్రడామ్ తూర్పు తీరపు హాకీ ఈస్ట్‌కు వెళ్లిపోయింది. 1971లో పుట్టిన సీసీహెచ్ఏ 2013తో మూతపడింది.

ఎవరూ పిలవని జట్లు డబ్ల్యూసీహెచ్ఏ పాత పేరు కింద పోగయ్యాయి. అవి పది. అందులో అలాస్కావి రెండు, యాంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్. ఒకటి అలబామాలోని హంట్స్‌విల్. హంట్స్‌విల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఆకాశమార్గంలోనే ఐదువేల కిలోమీటర్లకు పైమాట. పాతికమందికి పైగా ఆటగాళ్లు, కోచ్‌లు, మూటల కొద్దీ సామాను. గేటు వసూళ్లు పడిపోయిన ఏడాదే ప్రయాణ ఖర్చు పెరిగింది.

పెద్దలైనా బాగుపడ్డారా? మిన్నెసోటా అభిమానులు నార్త్ డకోటాతో, డులూత్‌తో ఆటలు పోయాయని వాపోయారు, సీట్లు ఖాళీ అయ్యాయి. బిగ్ టెన్ టోర్నీకి పెద్ద నగరాల స్టేడియాల్లో జనం రాక, 2018 నుంచి కాలేజీ రింకులకే మార్చుకున్నారు. 2014 నుంచి 2025 వరకు జరిగిన పదకొండు జాతీయ టోర్నీల్లో బిగ్ టెన్ జట్టు ఒక్కటీ గెలవలేదు. ఏడు టైటిళ్లు ఎన్‌సీహెచ్‌సీవి.

2019 జూన్‌లో రెండో చీలిక వచ్చింది. డబ్ల్యూసీహెచ్ఏలోని ఏడు కాలేజీలు బయటికొస్తున్నామన్నాయి. 2021లో సీసీహెచ్ఏ పేరును బతికించుకుని కొత్తగా మొదలుపెట్టాయి. వదిలేసింది మూడింటినే: యాంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్, హంట్స్‌విల్. ఆ ఏడింటి బాధ అబద్ధం కాదు. వాటి బడ్జెట్లు చిన్నవి, అలాస్కా విమానాలు ఖరీదైనవి. అయితే ఆరు జట్లు లేని కాన్ఫరెన్సుకు జాతీయ టోర్నీలో నేరుగా చోటు దక్కదు. ముగ్గురిని వదిలేయడమంటే ఆ దారి మూసేయడమే. ఎనిమిదేళ్ల కిందట తమకు జరిగినదాన్నే వాళ్లు తమకంటే బలహీనులకు చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో మనసుకు కష్టంగా తోచేది ఇదే.

హంట్స్‌విల్ రాకెట్ల ఊరు, నాసా కేంద్రం ఉన్నచోటు. హాకీ ఊసే అరుదైన దక్షిణాదిలో ఆ జట్టు 1996, 1998లలో రెండో డివిజన్ జాతీయ టైటిళ్లు గెలిచింది. కరోనా కాలంలో, 2020 మేలో, యూనివర్సిటీ హాకీని ఎత్తేస్తున్నట్టు చెప్పింది. పాత ఆటగాళ్లు, ఊరివాళ్లు కలిసి కొద్ది రోజుల్లోనే 5 లక్షల డాలర్లకు పైగా పోగేసి నిర్ణయం వెనక్కి తీయించారు. ఒక్క సీజన్ ఆడారు. ఏ కాన్ఫరెన్సూ చేర్చుకోకపోవడంతో 2021 మేలో జట్టు ఆగిపోయింది. అభిమానులు డబ్బయితే తేగలిగారు, ప్రత్యర్థులను ఎక్కడినుంచి తెస్తారు?

యాంకరేజ్‌కు రాష్ట్ర ప్రభుత్వం నుంచీ దెబ్బ పడింది. 2019లో అలాస్కా గవర్నరు యూనివర్సిటీ నిధుల్లో దాదాపు 13 కోట్ల డాలర్ల కోతకు పూనుకున్నారు. చివరికి మూడేళ్లలో 7 కోట్లకు రాజీ కుదిరింది. ఖర్చు తగ్గించుకోవడానికి జట్టు ఆరువేల సీట్ల సల్లివన్ అరీనాను వదిలి క్యాంపస్‌లోని చిన్న రింకుకు మారింది. మరుసటి ఏడాది పాలకమండలి షరతు పెట్టింది: రెండేళ్ల ఖర్చు, 30 లక్షల డాలర్లు, విరాళంగా తెస్తేనే జట్టు. 2021 ఆగస్టు నాటికి జనం ఆ మొత్తం తెచ్చారు. 2022–23లో ఏ కాన్ఫరెన్సూ లేని జట్టుగా యాంకరేజ్ మళ్లీ మంచు మీదికి దిగింది.

పెద్ద చెక్కులున్న చోట తలుపులు ఇప్పటికీ తెరుచుకుంటూనే ఉన్నాయి. ఎడారిలోని అరిజోనా స్టేట్‌కు 2014లో 3.2 కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. 2022లో కొత్త స్టేడియం, 2024లో ఎన్‌సీహెచ్‌సీ సభ్యత్వం. మిన్నెసోటాలోని సెయింట్ థామస్ 2021లో మూడో డివిజన్ నుంచి నేరుగా మొదటి దానికి ఎగబాకింది, స్టేడియానికి ఒకే కుటుంబం 7.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ జట్టు సీసీహెచ్ఏను వదిలి 2026–27 నుంచి ఎన్‌సీహెచ్‌సీకి వెళ్లేందుకు ఒప్పుకుంది. దీనికి తోడు 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బివ్వవచ్చు, 2025–26కు ఒక్కో కాలేజీ పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. కెనడా జూనియర్ లీగుల కుర్రాళ్లకూ కాలేజీ హాకీలో ప్రవేశం దొరికింది. వాళ్లలో అందరి కళ్లూ పడ్డ గావిన్ మెక్‌కెన్నా ఎంచుకున్నది పెగులా డబ్బుతో ఎదిగిన పెన్ స్టేట్ జట్టునే.

అలాస్కా జట్లకు మిగిలిన ఆసరా ఒక పాత నిబంధన. సీజన్‌లో ఒక జట్టు ఆడగలిగే 34 ఆటల లెక్కలోకి అలాస్కాలో ఆడినవి రావు. ఆ అదనపు ఆటల ఆశతోనే కొందరు అంత దూరం విమానమెక్కుతారు. 2022–23లో ఫెయిర్‌బ్యాంక్స్ 22 ఆటలు గెలిచి జాతీయ టోర్నీ గుమ్మం దాకా వెళ్లింది. మార్చిలో మిగతా జట్లన్నీ కాన్ఫరెన్సు టోర్నీల్లో ర్యాంకులు మెరుగుపరచుకుంటుంటే, ఏ కాన్ఫరెన్సూ లేని వాళ్లకు ఆడే వీలే లేదు. ఇతరుల ఫలితాల కోసం ఎదురుచూశారు, చోటు దక్కలేదు.