18 వేల డబ్బా చెన్నూరుకు ఎందుకు రాలేదు?

తొంభైలలో చెన్నూరులో టీవీలు బాగుచేసిన వాళ్లలో నేనొకణ్ని. ఏడాది పొడుగునా నా బల్ల మీద పిక్చర్ ట్యూబ్ పోయిన ఈసీ టీవీలు, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిన సాలిడేర్ టీవీలు ఉండేవి. ఎండాకాలం సెలవులు మొదలైతే వాటి పక్కన వీడియో గేములు కుప్ప పడేవి. అడాప్టర్ వైరు తెగిందనో, జాయ్‌స్టిక్ బటన్ కింద రబ్బరు అరిగిందనో, క్యాసెట్ పెడితే తెర మీద గళ్లు గళ్లు వస్తున్నాయనో పిలగాండ్లు తెచ్చేవాళ్లు. డబ్బా మీద పేరు ఏదున్నా లోపల సరుకు ఒకటే: జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలై 15న 14,800 యెన్‌లకు విడుదల చేసిన ‘ఫామికామ్’కు నకలు.

నింటెండో అసలు సరుకు మన దేశానికి రాలేదా అంటే, వచ్చింది. ఎలక్ట్రానిక్ వస్తువుల దిగుమతి మీద అప్పట్లో నిషేధాలుండేవి కాబట్టి విడిభాగాలు తెచ్చి, లైసెన్సు మీద ఇక్కడే బిగించి ‘సమురాయ్’ పేరుతో అమ్మారు. ఆ తర్వాత జపాన్‌కే చెందిన ఇంకో వీడియో గేముల కంపెనీ సెగా వంతు. 80 శాతం దిగుమతి సుంకం దెబ్బ తప్పించుకుందామని ఆ కంపెనీ 1995లో షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుంది. అవును, హేవర్డ్స్ బీరు అమ్మిన షా వాలెసే. పిల్లల ఆట వస్తువుకు దొరికిన భాగస్వామి అది! ఇంత చేసినా సెగా మెగా డ్రైవ్ ధర 18,000 రూపాయలు పలికింది.

ఆ రోజుల్లో ఆ డబ్బు పెడితే ఇంటికి మంచి కలర్ టీవీ వచ్చేది. మా దగ్గర సింగరేణి బోనస్ పడ్డ ఇంట్లో కూడా ముందు టీవీ, తర్వాత కూలర్, ఆ తర్వాత స్కూటర్. ఇంకా బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉన్న ఇంటికి పద్దెనిమిది వేల ఆట పెట్టె ఎవరు తెస్తారు? పైగా ఒక్కో క్యాసెట్‌కు మళ్లీ వేరే ఖర్చు. మంచిర్యాలలో నకలు సెట్టు వెయ్యికీ పదిహేను వందలకూ మధ్యలో దొరికేది. దాంతోపాటే ‘9999 ఇన్ 1’ అని రాసిన పసుపు క్యాసెట్ ఇచ్చేవాళ్లు. అందులో నిజంగా ఉండేవి కొన్ని ఆటలే, మిగతావన్నీ వాటినే తిప్పి తిప్పి రాసిన పేర్లు. అది పిలగాండ్లకూ తెలుసు. అయినా ఎవడూ వాపసు ఇవ్వలేదు.

ధర ఒక్కటే కారణమని చాలామంది అంటారు. మెకానిక్‌గా నేను దానితో సగమే ఒప్పుకుంటాను. అసలు జపాన్ ఫామికామ్ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినాయన ఎవరి దగ్గరో కొని తెచ్చాడు.

“అన్నా, గిది అసలు జపాన్‌ది. ఈ చైనా డబ్బాల లెక్క కాదు. ఎట్లన్న జేసి బొమ్మ తెప్పియ్యాలె” అన్నాడు.

“ఏ కరెంటుకు చేసిన్రో ముందుగాల సూద్దాం తమ్మీ” అని అడాప్టర్ తిప్పి చూశాను. 100 వోల్టులు. జపాన్ ఇళ్లలో కరెంటు అంతే. మనది 230. దాన్ని ప్లగ్గులో పెట్టనియ్యలేదు. నా బెంచ్ సప్లై నుంచి 10 వోల్టులు ఇచ్చాను. అందులోనూ తిరకాసే, నడిమి పిన్ను మైనస్. సరే, సెట్టు ఆన్ అయింది. టీవీలో మాత్రం ఏమీ లేదు. ఎందుకంటే అది జపాన్ వాళ్ల ఒకటో, రెండో చానల్ మీద, అంటే 90 నుంచి 100 మెగాహెర్ట్జ్‌ల దగ్గర బొమ్మ పంపుతుంది. మన దూరదర్శన్ వీహెచ్ఎఫ్ చానళ్లు 47 నుంచి 68 దాకా ఒక గుంపు, 174 నుంచి 230 దాకా ఇంకో గుంపు. జపాన్ బొమ్మ ఈ రెండింటి నడుమ ఖాళీలో పడింది. కేబుల్ చానళ్లు పట్టే కొత్త కలర్ టీవీ తెచ్చి ట్యూన్ చేస్తే చివరికి దొరికింది. అది పైకి దొర్లుతుంటే వర్టికల్ హోల్డ్ తిప్పి నిలబెట్టాను. మారియో వచ్చాడు గానీ నలుపు తెలుపుల్లో, మూగగా. జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, సెకనుకు 60 ఫీల్డులు. మనది పాల్, 50 ఫీల్డులు. రంగును రాసే తీరు వేరు. శబ్దం బొమ్మకు వాళ్ల దగ్గర 4.5 మెగాహెర్ట్జ్‌ల దూరంలో ఉంటే మన దగ్గర 5.5 దూరంలో ఉంటుంది.

ఇక నకలు సంగతి. దాని అడాప్టర్ మన కరెంటుకు చేసింది. బొమ్మ మన టీవీ పట్టే చానల్ మీదే వస్తుంది. రంగు పాల్, శబ్దం సరిగ్గా. విప్పితే కొన్నిట్లో తైవాన్ యూఎంసీ కంపెనీ చిప్పులు కనిపించేవి. జపాన్ ఆటలు 50 ఫీల్డుల టీవీ మీద తడబడకుండా నడిచేలా ఆ చిప్పుల్లో టైమింగ్ సర్దారు. తర్వాత తర్వాత ఆ చిప్పులూ పోయి, బోర్డు మీద నల్లటి ఎపాక్సీ ముద్ద ఒక్కటే మిగిలింది. అది పాడైతే బాగుచేసేదేమీ ఉండదు, కొత్తది కొనాల్సిందే. అది నాకు నచ్చలేదు, మా పొట్ట కొట్టే పని కదా! కానీ చెన్నూరు ఇంటికి ఏం కావాలో ఆ నకలు చేసినవాడికి తెలిసినంతగా అసలువాడికి తెలియలేదన్నది నిజం.

నకలువాళ్లు ఫామికామ్‌నే ఎంచుకోవడం వెనక ఇంకో సంగతి ఉంది. నింటెండో 1985లో అమెరికాకు పంపిన ఎన్ఈఎస్ మోడల్‌లో తాళంలాంటి చిప్పు పెట్టింది. కంపెనీ ఒప్పుకున్న క్యాసెట్ అయితేనే ఆడుతుంది. జపాన్ ఫామికామ్‌లో ఆ తాళం లేదు. అమెరికా క్యాసెట్‌కు 72 పిన్నులు, ఫామికామ్ క్యాసెట్‌కు 60. మన పిలగాండ్ల పసుపు క్యాసెట్ అడుగున లెక్కపెట్టండి, 60 ఉంటాయి. ఇది దొంగసరుకే, ఒప్పుకుందాం. ఆట తయారుచేసినవాడికి ఇందులో పైసా ముట్టలేదు.

సుంకం ఎక్కువుంటే ఎవడైనా ఏం చేస్తాడు అనేవాళ్లు బ్రెజిల్ వైపు చూడాలి. అక్కడా దిగుమతులకు ఇలాంటి గోడలే. టెక్‌టాయ్ అనే స్థానిక కంపెనీ లైసెన్సు తీసుకుని 1989 నుంచి సెగా మాస్టర్ సిస్టమ్‌ను ఆ దేశంలోనే తయారుచేసి అమ్మింది. ‘ఫాంటసీ స్టార్’ ఆటను పోర్చుగీసులోకి మార్చింది. ‘వండర్ బాయ్’ ఆటలో హీరోను తీసేసి, బ్రెజిల్ పిల్లలకు ప్రాణమైన మోనికా అనే కామిక్ పాపను పెట్టింది. జపాన్‌లో నింటెండో ముందు నిలవలేని ఆ సెట్టు బ్రెజిల్‌లో 2016 నాటికి 80 లక్షలు అమ్ముడుపోయింది. మన దగ్గర మెగా డ్రైవ్ దిగేసరికి సొంత దేశంలో దానికి ఏడో ఏడు. 1994 చివర్లోనే జపాన్‌లో సెగా శాటర్న్, సోనీ ప్లేస్టేషన్ వచ్చేశాయి. పాతది, ఖరీదైనది, ఒక్క తెలుగు ముక్క గానీ హిందీ ముక్క గానీ లేనిది మనకు పంపారు.

డబ్బున్న దేశంలోనూ ఇలాగే జరిగింది. జపాన్ కంపెనీలు ఎన్ఈసీ, హడ్సన్ కలిసి 1987లో తెచ్చిన ‘పీసీ ఇంజిన్’ ఆట సెట్టు జపాన్‌లో సెగాను వెనక్కి నెట్టింది. దాని ఆట ఏటీఎం కార్డంత సైజున్న కార్డులో వచ్చేది. 1988లోనే సీడీ డ్రైవ్ కూడా తగిలించారు. అమెరికాకు మాత్రం 1989 ఆగస్టులో, సెగా దిగిన నెలలోనే, పేరు మార్చి, బుజ్జి పెట్టెను కావాలని పెద్దది చేసి పంపారు. జాయ్‌స్టిక్‌కు ఒకటే సాకెట్. ఇద్దరు ఆడాలంటే విడిగా ఇంకో పెట్టె కొనాలి. మంచి ఆటలు తయారుచేసే కంపెనీలను నింటెండో అప్పటికే ఒప్పందాలతో కట్టేసింది. యంత్రంలో లోపం లేదు, అయినా అక్కడ మునిగింది.

మన భాగ్యనగరం కూడా ఈ కథలో ఉంది, ఆలస్యంగా. 2009లో హైదరాబాద్ కంపెనీలు సోనీ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’, గిల్లీదండా, కబడ్డీ, పతంగులతో ‘దేశీ అడ్డా’ తయారుచేశాయి. ఆలోచన బంగారం. కానీ ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000లో వచ్చిన సెట్టు, దాని తర్వాతిది 2006లోనే వచ్చేసింది. 1990లో పెట్టాల్సిన హనుమంతుణ్ని 2009లో పెట్టారు.

2017లో వచ్చిన ‘స్విచ్’ ఆట సెట్టును కూడా నింటెండో మన దేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. దుకాణాల్లో కనిపించేవి బయటి నుంచి తెచ్చినవి. పిల్లలకు కొనిపెట్టేవాళ్లు ముందు రెండు సంగతులు చూసుకోండి: అడాప్టర్ ఎన్ని వోల్టులకు చేసింది, పాడైతే బాగుచేసేదెవరు.