పుస్తకం సగంలో ఉండగా సాఫ్ట్‌వేర్ మార్చవచ్చా?

తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో నిర్ణయించింది. రైల్వే పనుల కోసం వచ్చి తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల కోరిక అది. అక్కడి తెలుగు సంఘం ఒకటి 200 పేజీల సావనీర్ వేస్తోందనుకుందాం. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో 120 పేజీలు సిద్ధమయ్యాయి. ఇంతలో ఎవరో అన్నారు: ‘వెబ్‌సైట్లోనూ పెడదాం, యూనికోడ్‌లోకి మార్చేయండి.’

కోరిక న్యాయమైనదే. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. వెతికినా దొరకదు. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు కొత్త వెర్షనే లేదు; యూనికోడ్ తెలుగు దానికి తెలియదు. కాబట్టి మారాల్సింది ఫాంట్ ఒక్కటే కాదు, ఇన్‌డిజైన్‌కు వెళ్లాలి.

చిక్కంతా అక్కడే. పాత ఫాంట్లు అక్షరాన్ని ముక్కలుగా, కంటికి కనిపించే వరసలో దాచుకుంటాయి. యూనికోడ్ పలికే వరసలో దాస్తుంది. మార్చే ప్రోగ్రామ్ ఒత్తుల దగ్గర తడబడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న పేర్లనూ తెలుగే అనుకుని వింత మాటలుగా మార్చేస్తుంది. ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్ రెడీ కంపోజర్’ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి. అన్నీ సరిచేసినా పంక్తులు జరిగి, పేజీ నంబర్లు, విషయసూచిక మారిపోతాయి. అంటే దిద్దిన ప్రూఫులన్నీ మళ్లీ మొదటికి.

సగం పాతలో, సగం కొత్తలో చేయడం ఇంకా ప్రమాదం. ఎయిర్‌బస్ ఏ380 విమానానికి హాంబర్గ్‌లో ఒక వెర్షన్, టూలూజ్‌లో మరో వెర్షన్ కాటియా సాఫ్ట్‌వేర్ వాడారు. చివరికి వైర్లు సరిపోలేదు. విమానాల అప్పగింత రెండేళ్ల దాకా ఆలస్యమైంది. అంత పెద్ద సంస్థకే తప్పనిది సావనీర్ కమిటీకి తప్పుతుందా!

రెండో ప్రూఫ్ దాటితే పాతదాంట్లోనే ముగించి, పీడీఎఫ్ తీసి ప్రెస్సుకు పంపడం మేలు. వెబ్‌సైట్ కోసం పాఠాన్ని తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. ఇంకా మొదటి ప్రూఫే రాకపోతే మారడానికి అదే అదను. అప్పుడైనా ముందు పట్టికలు, ఇంగ్లిష్ పేర్లు, ఒత్తులు ఎక్కువున్న పది పేజీలను వేరే కంప్యూటర్లో మార్చి చూడాలి. ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరుస్తుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు కనుక, ప్రెస్సులో ఏ వెర్షన్ ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.