జకాతు – రోగార్తులు

ఇస్లాము ధర్మమున జకాతు దయాభిక్ష గాదు, విధి. ఏడాది నిలిచిన ధనమున నలువదింట నొకవంతు బీదలది. ఏడున్నర తులముల బంగారముగల యిల్లాలి నగలకును హనఫీ సంప్రదాయమున నిది వర్తించును. కావున నామెయే దాత్రి.

ఈ సొమ్ము బీదవాని చేతికే చేరవలయునని, వైద్యశాల గోడలకు జెల్లదని పలువురు పండితుల మతము. గోడలకును, అన్యమత రోగులకును స్వచ్ఛందమగు సదకా కలదు. స్వచ్ఛంద దానమునకు నిదర్శనముగా, నిజాము ధర్మనిధివలన 1964లో హైదరాబాదున వెలసిన యెముకల వైద్యశాలయే నేటి నిమ్సునకు మూలము.

కాని మందు కొనలేని రోగికి గోడలేమి చేయును? మా రెడ్డిగూడెము కూలివానికి బెజవాడ పోవుటయే భారము. మందు, పథ్యము, దారిఖర్చు జకాతువలన దీఱును. పలువురు రంజానున నిత్తురు. వ్యాధి పండుగకై వేచియుండదు. గడువునకు ముందిచ్చుటయు జెల్లునని పలువురు పండితులందురు. ఈయవలసిన సోదరి పొరుగింటి రోగిని నేడే విచారించుగాక!