హిమాలయ యాత్ర – దేశకాలములు



ఏ కర్మ నారంభించినను ముందు సంకల్పము చెప్పుకొందుము. అందు దేశమును, కాలమును స్మరింతుము. కేదార బదరీ యాత్రకు బయలుదేరు మనవారు ఆ రెంటిని నోట పలికి మనసున మరచుచున్నారని మా బాధ.

మనకు వైశాఖము మండువేసవి. 3,583 మీటర్ల ఎత్తుననున్న కేదారమున అప్పుడే శీతకాలము వదలుచుండును. 2023 మే నెలలో కొండవాగు పాయలలోని మంచు జారి నడకదారిపై పడగా యాత్ర నిలిచినది.

మంచు ఏల జారును? శీతకాలమంతయు పడిన మంచు పొరలుపొరలుగా పేరుకొనును. వసంతపు ఎండకు కరగిన నీరు లోనికి దిగి పొరల నడుమ పట్టును సడలించును. 30 మొదలు 45 డిగ్రీల వాలుపై ఈ భయము హెచ్చు. నిట్టనిలువు కొండపై మంచు అంతగా నిలువనే నిలువదు. రాత్రి ఆకాశము నిర్మలముగా నున్నచో ఆ నీరు మరల గడ్డకట్టి ఉదయమునకు వాలు గట్టిపడును. మబ్బు పట్టిన రాత్రి అట్లు గట్టిపడదు గనుక మరునాటి ఉదయమును సైతము నమ్మరాదు. క్రొత్తమంచు విస్తారముగా కురిసిన తరువాతి ఒకటి రెండు దినములు మరింత ప్రమాదకరములు. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథము దాపున మాణా వద్ద భారీ హిమపాతము నడుమ చరియ జారి రహదారి పనివారు 54 మంది చిక్కుకొనిరి. 46 మంది బ్రతికిరి, ఎనమండుగురు మరణించిరి.

మేమొక పర్యాయము మధ్యాహ్నవేళ అట్టి పాయ ఒడ్డునకు చేరితిమి. అచ్చటి సిపాయి దాటవద్దనెను. ఇంతదూరము వచ్చి ఆగుటయా యని, వేదము చెప్పుకొన్న నోటితోనే అతనిని విసుగుకొంటిమి. మరునాటి ఉదయము చూడగా, మేము దాటదలచిన చోట మనిషి ఎత్తు మంచుగడ్డలు దొర్లి పడియున్నవి. ఆ విసుగు తలచిన నేటికిని సిగ్గగును.

కావున మంచు పాయలను ప్రొద్దుటనే, ఒక్కొక్కరుగా ఎడమిచ్చి దాటవలెను. నడుమ విశ్రమింపరాదు, ఫోటోలకై నిలువరాదు. మంచుక్రింద కప్పబడినవారిని పావుగంటలోపల వెలికితీయని యెడల ప్రాణము దక్కుట మిక్కిలి కష్టము. వాతావరణ శాఖ హెచ్చరిక వెలువడిన దినమున ఉన్నచోటనే జపము చేసికొనుడు. దానివలన సంకల్పభంగము కాదని మా అభిప్రాయము. తిరుగు రైలు టికెట్టును రెండు మూడు దినములు అదనముగా ఉంచుకొని తీయించుడు. మేము చూచిన తొందరలలో పెక్కింటికి ఆ టికెట్టే మూలము.