టాంపర్‌మంకీలో యూజర్ స్క్రిప్ట్ వేసుకుంటున్నారా? ఇన్‌స్టాల్ నొక్కే ముందు పైన ఉండే నాలుగు లైన్లు చదవండి

ప్రతి నెలా 24వ తేదీ ఉదయం 10 గంటలంటే తిరుపతి నెట్ సెంటర్లలో అందరి కళ్లూ స్క్రీన్ మీదే ఉంటాయి. మూడు నెలల తర్వాతి 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను టీటీడీ సాధారణంగా ఆ టైమ్‌కే ఆన్‌లైన్‌లో వదులుతుంది. ఓటీపీతో లాగిన్ అయి, వర్చువల్ క్యూలో కాసేపు ఆగి, తీరా స్లాట్ దొరికాక ఒక్కొక్కరి పేరు, వయసు, ఐడీ నంబర్ టైప్ చేయాలి. ఒక బుకింగ్‌లో ఆరుగురి దాకా వేయొచ్చు. ఆరు ఆధార్ నంబర్లంటే 72 అంకెలు. మనం మూడో మనిషి దగ్గర ఉండగానే పక్క సీట్లో ఆయన ఒక్క బటన్ నొక్కి ఫారం మొత్తం నింపేసి ఉంటాడు. ఆయన దగ్గర ఉన్నది ఒక యూజర్ స్క్రిప్ట్, లేదంటే అదే పని చేసే ఎక్స్‌టెన్షన్.

ఇంట్లో కూర్చుని అమెజాన్ మెకానికల్ టర్క్ లాంటి సైట్లలో చిన్న చిన్న టాస్కులు చేసేవాళ్లు ఈ స్క్రిప్టులనే ఏళ్ల తరబడి వాడుతున్నారు. పలమనేరులో చేసినా, అమెరికాలో చేసినా బ్రౌజర్‌లో పెట్టుకునే సరంజామా ఒకటే. వాటిని ఎట్లా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, చేసుకున్నాక మన చేతిలో ఎట్లా పెట్టుకోవాలి అనేది చూద్దాం.

అసలు ఏంటిది?

యూజర్ స్క్రిప్ట్ అంటే చిన్న జావాస్క్రిప్ట్ ఫైల్. మీరు ఒక వెబ్‌సైట్ తెరిచినప్పుడు ఆ పేజీలో మీ తరఫున నడుస్తుంది. బటన్లు కలపొచ్చు, ఫారం నింపొచ్చు, అక్కర్లేని బ్యానర్లు దాచొచ్చు. 2004లో ఆరన్ బూడ్‌మన్ ఫైర్‌ఫాక్స్ కోసం గ్రీజ్‌మంకీ రాయడంతో ఇది అందరికీ తెలిసింది. 2010లో వచ్చిన టాంపర్‌మంకీయే ఇప్పుడు జాస్తి మంది వాడేది. ఓపెన్ సోర్స్ కావాలనుకునే వాళ్లకు వయలెంట్‌మంకీ ఉంది. వీటిని స్క్రిప్ట్ మేనేజర్లు అంటారు. ముందు మేనేజర్, తర్వాత దాంట్లోకి స్క్రిప్టులు.

టాస్క్ వర్క్‌లో వీటికి ఇంత గిరాకీ ఎందుకంటే, అక్కడ వెతుక్కునే టైమ్‌కు డబ్బులు రావు. 2005లో మొదలైన మెకానికల్ టర్క్‌లో ఒక్కో పనిని హిట్ అంటారు. ఫోటోలో ఏముందో చెప్పడం, బిల్లులో అంకెలు ఎత్తి రాయడం, సర్వే నింపడం, ఇట్లాంటివి. 2010 ప్రాంతపు సర్వేల్లో అమెరికా తర్వాత ఎక్కువ మంది వర్కర్లు ఇండియా వాళ్లే. లెక్క కోసం ఒక పనికి 5 సెంట్లు అనుకుందాం. చేయడానికి 40 సెకన్లు, దాన్ని వెతికి పట్టడానికి 20 సెకన్లు అయితే గంటకు 60 పనులు, 3 డాలర్లు. వెతకడం 5 సెకన్లకు తగ్గితే గంటకు 80 పనులు, 4 డాలర్లు. చేసే పని ఏమీ మారలేదు, గంటకు ఒక డాలర్ పెరిగింది. అందుకే కొత్త హిట్లను పట్టి చూపించే స్క్రిప్టులు, పని ఇచ్చేవాళ్లు సరిగ్గా డబ్బులిస్తారా లేదా అని పేరు పక్కనే రేటింగ్ చూపించేవి వచ్చాయి. లిల్లీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మన్ కలిసి కట్టిన టర్కాప్టికాన్ ఈ రెండో రకంలో బాగా పేరున్నది.

ఇన్‌స్టాల్ చేయడం

క్రోమ్ వెబ్ స్టోర్‌కు వెళ్లి టాంపర్‌మంకీ యాడ్ చేసుకోండి. పేరు కొంచెం అటూ ఇటూగా ఉండే నకిలీలు తగలొచ్చు, డెవలపర్ పేరు యాన్ బినియోక్ అని ఉందా చూసుకోండి. తర్వాత గ్రీసీ ఫోర్క్‌లో కావాల్సిన స్క్రిప్ట్ పేజీ తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే మేనేజర్ ఒక ట్యాబ్ తెరిచి కోడ్ చూపిస్తుంది. మళ్లీ ఇన్‌స్టాల్ నొక్కితే అయిపోయినట్టే.

చాలామంది ఆగిపోయేది ఆ తర్వాతే. "అంతా చేశాను, స్క్రిప్ట్ మాత్రం నడవట్లేదు" అంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మ్యానిఫెస్ట్ వీ3 వచ్చాక క్రోమ్ ఇట్లాంటి స్క్రిప్టులకు విడిగా అనుమతి అడుగుతోంది. మొదట్లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే సరిపోయేది. క్రోమ్ 138 నుంచి ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కూ వేరే స్విచ్ పెట్టారు. టాంపర్‌మంకీ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, మేనేజ్ ఎక్స్‌టెన్షన్‌లోకి వెళ్లి, అలో యూజర్ స్క్రిప్ట్స్ ఆన్ చేసి, పేజీ రీఫ్రెష్ చేయండి. స్క్రిప్ట్ నడుస్తుంటే ఐకాన్ మీద చిన్న అంకె కనిపిస్తుంది. ఫోన్‌లో కావాలంటే ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో టాంపర్‌మంకీ వేసుకోవచ్చు. చిన్న స్క్రీన్ మీద టాస్క్ వర్క్ చేయమని మాత్రం నేను చెప్పను.

ఆ నాలుగు లైన్లు

ఇన్‌స్టాల్ ట్యాబ్‌లో కోడ్ పైభాగాన ఒక హెడర్ ఉంటుంది. కోడింగ్ రాకపోయినా ఇది చదవొచ్చు, చదవాల్సిందే. ఎందుకంటే స్క్రిప్ట్ నడిచేది మీ లాగిన్‌తోనే. ఆ పేజీలో మీకు కనిపించేవన్నీ దానికీ కనిపిస్తాయి.

మొదట మ్యాచ్ లైన్. స్క్రిప్ట్ ఏ సైట్లలో నడవాలో చెప్పేది ఇదే. దర్శనం ఫారం నింపే స్క్రిప్ట్ అయితే అక్కడ టీటీడీ సైట్ అడ్రస్ ఒక్కటే ఉండాలి. దాని బదులు అన్ని సైట్లకూ వర్తించేలా నక్షత్రం గుర్తులు కనిపిస్తే, అది మీ జీమెయిల్‌లోనూ, బ్యాంక్ పేజీలోనూ నడుస్తుందని అర్థం. ఫారం నింపే స్క్రిప్ట్‌కు బ్యాంక్ పేజీలో ఏం పని? ఇట్లాంటి సందర్భంలో కోడ్ ముట్టుకోకుండానే టాంపర్‌మంకీలో ఆ స్క్రిప్ట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అసలు మ్యాచ్‌లు ఆపేసి, మీకు కావాల్సిన అడ్రస్ ఒక్కటే యూజర్ మ్యాచ్‌గా ఇవ్వొచ్చు.

రెండోది గ్రాంట్, మూడోది కనెక్ట్. ఈ రెండూ కలిపి చదవాలి. గ్రాంట్‌లో హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అని ఉంటే స్క్రిప్ట్ వేరే సర్వర్లతో మాట్లాడగలదు. ఎవరితో అనేది కనెక్ట్ చెప్తుంది. రేటింగ్స్ చూపించే స్క్రిప్ట్‌కు రేటింగ్స్ సర్వర్‌తో పని ఉంటుంది, న్యాయమే. పేర్లు నింపే స్క్రిప్ట్‌కు బయటి సర్వర్ ఎందుకు? ఆరుగురి ఆధార్ నంబర్లు దాని చేతిలో పెడుతున్నాం కదా. గ్రాంట్ దగ్గర నన్ అని ఉంటే భయం లేదని కొందరు అనుకుంటారు. అది తప్పు. గ్రాంట్ ఏమీ లేకపోయినా మామూలు వెబ్‌పేజీ కోడ్ లాగానే అది డేటా బయటికి పంపగలదు. నన్ అంటే మేనేజర్ ఇచ్చే అదనపు శక్తులు లేవని మాత్రమే.

నాలుగోది రిక్వైర్. స్క్రిప్ట్ బయటి నుంచి ఇంకో ఫైల్ తెచ్చుకుంటోందని దీని అర్థం. మీరు చదివిన కోడ్ శుభ్రంగా ఉన్నా అసలు కథ ఆ ఫైల్‌లో ఉండొచ్చు. జేక్వెరీ లాంటి పేరున్న లైబ్రరీ అయితే సరే, ఎవరిదో తెలియని సర్వర్ అయితే వదిలేయండి. అర్థం కాకుండా గజిబిజి చేసిన కోడ్‌ను గ్రీసీ ఫోర్క్ అసలు అనుమతించదు. కాబట్టి టెలిగ్రామ్ గ్రూపులో ఫైల్‌గా తిరిగే స్క్రిప్ట్ కంటే అక్కడ దొరికేదే నయం.

వేసుకున్నాక

అప్‌డేట్లు. ఇవాళ చదివి వేసుకున్న కోడ్ రేపు మీకు తెలియకుండానే మారొచ్చు. డబ్బులకూ ఐడీలకూ సంబంధించిన స్క్రిప్టులకు సెట్టింగ్స్‌లో చెక్ ఫర్ అప్‌డేట్స్ తీసేయండి. సైట్ మారి స్క్రిప్ట్ పనిచేయనప్పుడు గ్రీసీ ఫోర్క్ హిస్టరీలో పాత, కొత్త వెర్షన్ల తేడా చూసి మీరే అప్‌డేట్ చేసుకోండి.

టాస్క్ వర్క్‌కు క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. ఆ ప్రొఫైల్‌లో బ్యాంక్, మెయిల్ తెరవొద్దు. ఇది రెండు నిమిషాల పని, లాభం చాలా.

హిట్లు పట్టే స్క్రిప్టులు రెండు మూడు ఒకేసారి నడపొద్దు. ఒక్కొక్కటీ సెకన్‌కు ఒకసారి పేజీ అడిగితే మూడూ కలిసి అమెజాన్‌ను మూడుసార్లు అడుగుతాయి. అప్పుడు పేజీ రిక్వెస్ట్ రేట్ దాటారని ఎర్రర్ వస్తుంది, నిజమైన పని చేసుకోవడానికి కూడా పేజీ తెరుచుకోదు. ఒకటే ఉంచి, దాని టైమ్ గ్యాప్ పెంచండి.

ఫారం నిండినట్టు కనిపించి, సబ్మిట్ కొడితే "పేరు ఇవ్వలేదు" అని వస్తోందా? రియాక్ట్ లాంటి వాటితో కట్టిన సైట్లలో గడిలో అక్షరాలు పెడితే చాలదు, ఇన్‌పుట్ ఈవెంట్ కూడా పంపాలి. మీరే స్క్రిప్ట్ రాసుకుంటుంటే ముందు అక్కడ వెతకండి.

ఇక హద్దు. పని వెతకడానికి, పేజీని సుళువు చేసుకోవడానికి స్క్రిప్ట్ వాడుకోవచ్చు. పనికి జవాబు మాత్రం మనిషే ఇవ్వాలని మెకానికల్ టర్క్ రూల్. స్క్రిప్ట్‌తో జవాబులు నింపి పట్టుబడితే అకౌంట్ పోతుంది. దర్శనం టికెట్ల విషయంలో నా మాట కూడా ఇదే. సొంత కుటుంబం వివరాలు నింపుకోవడం వరకు సరే. క్యూ దాటించే, పదుల లాగిన్లతో టికెట్లు లాగే స్క్రిప్టులు దళారీ పనే, అక్కడ నష్టపోయేది లైన్‌లో ఉన్న ఇంకో కుటుంబం.

నెట్ సెంటర్ నడిపేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. వచ్చినవాళ్ల ఆధార్ నంబర్లు పని అయ్యాక కూడా సిస్టంలోనే ఉండిపోతాయి. టాంపర్‌మంకీ సెట్టింగ్స్‌లో కాన్ఫిగ్ మోడ్‌ను అడ్వాన్స్‌డ్‌కు మారిస్తే, విలువలు దాచుకునే స్క్రిప్టులకు స్టోరేజ్ అనే ట్యాబ్ వస్తుంది. నంబర్లు అక్కడ కనిపిస్తే చెరిపేయండి. కొన్ని స్క్రిప్టులు వాటిని సైట్ లోకల్ స్టోరేజ్‌లో దాస్తాయి. అవి స్క్రిప్ట్ తీసేసినా పోవు. అడ్రస్ బార్ పక్కనున్న ఐకాన్ నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, డిలీట్ డేటా కొట్టాలి. సాయంత్రం షట్టర్ దించే ముందు ఒకసారి.