ఇరవై లీటర్ల క్యాను లెక్క

తెలంగాణలో కల్వకుర్తి నుంచి దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు దాకా నేల కింద ఉన్నది చాలావరకు గ్రానైట్ రాయి. ఆ రాతి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువైన ఈ మెట్టలో నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఆ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. తాగే నీటిలో ఇది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటరాదని భారత ప్రమాణం. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటుంది. అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే పళ్లు గారపడతాయి, మోతాదు ఇంకా పెరిగితే కీళ్లు బిగుస్తాయి, కొందరికి ఎముకలే వంగిపోతాయి. నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

ఈ సమస్యకు పరిష్కారంగా నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని రూపొందించింది. దానికి ఈ మెట్టలోని నల్లగొండ పేరే పెట్టారు. ఖర్చు స్వల్పం, రసాయనాలు బజార్లో దొరికేవే. అయితే నీటిని బట్టి మోతాదు చూసి కలపాలి, అడుగున చేరిన మడ్డిని తీసి దూరంగా పారబోయాలి. ఆ పనిని రోజూ తప్పకుండా చేసే మనిషి లేనిచోట ఎంత మంచి పద్ధతైనా మూలన పడుతుంది. ఊరి నీటిలోకి వ్యాపారం అడుగుపెట్టింది ఈ లోటు దగ్గరే.

పేదలు సాయం అందుకునేవారే కాదు, కొనుగోలుదారులు కూడా అనే ఆలోచన 2004లో సి.కె. ప్రహ్లాద్ పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. ఆ దశకంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె నీటి ప్లాంట్లకు పెద్ద ప్రయోగశాల అయింది. గోదావరి జిల్లాల్లో బైర్రాజు ఫౌండేషన్ ప్లాంట్లు పెట్టింది. నాంది ఫౌండేషన్, వాటర్‌హెల్త్ ఇంటర్నేషనల్ కలిసి కోస్తాలో కేంద్రాలు తెరిచాయి. వాటర్‌హెల్త్ యంత్రానికి మూలం శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ అమెరికాలోని బర్కిలీ ప్రయోగశాలలో తయారుచేసిన అతినీలలోహిత దీపం. నీటిపై ఆ కాంతి పడితే కలరా వంటి రోగాల క్రిములు చస్తాయి. కాలువ, చెరువు నీళ్లు తాగే కోస్తా ఊళ్లకు అది సరిపోయింది. కల్వకుర్తి వైపు సమస్య క్రిములను చంపినంత మాత్రాన తీరేది కాదు. దీపం ఫ్లోరైడ్‌ను ఏమీ చేయలేదు. అందుకే ఈ మెట్టలో ఆర్వో యంత్రం తప్పనిసరైంది: నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా నెట్టితే లవణాలతో పాటు ఫ్లోరైడ్ కూడా వెనక ఆగిపోతుంది.

ప్లాంటు లెక్క చూస్తే ఈ వ్యాపారం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది. అయిదుగురున్న ఇంటికి తాగడానికి, వండడానికి రోజుకు సుమారు ఇరవై లీటర్లు కావాలి. అది సరిగ్గా ఒక క్యాను. క్యాను అయిదు రూపాయలనుకుంటే ఇంటికి నెలకు నూటయాభై. ప్లాంటు రోజుకు నూటయాభై క్యాన్లు అమ్మితే నెలకు ఇరవై రెండు వేల అయిదు వందలు వస్తాయి. కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, ఫిల్టర్లు, రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిన పొరలు అందులోంచే రావాలి. ఎండాకాలంలో క్యాన్లకు గిరాకీ ఉంటుంది, వానాకాలంలో సగానికి సగం పడిపోవచ్చు. ఇన్ని పోగా యంత్రానికి, షెడ్డుకు పెట్టిన లక్షలు తిరిగి రావడం కష్టం. అందుకే నిలిచిన పద్ధతుల్లో చాలావాటికి మొదటి పెట్టుబడి దాతల నుంచో కంపెనీల సామాజిక నిధుల నుంచో వచ్చింది. స్థలం, బోరు పంచాయతీ ఇచ్చింది. నీళ్ల ధర రోజువారీ ఖర్చును మాత్రమే మోసింది. కాజీపేట కేంద్రంగా పనిచేసే బాలవికాస సంస్థ ఈ దారిలోనే వెళ్లింది: ఇంటింటి చందా, ఊరి కమిటీ, కార్డు పెడితే ఏ వేళైనా నీళ్లు పట్టుకునే ఏర్పాటు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన సేఫ్ వాటర్ నెట్‌వర్క్ తెలంగాణలో ఐజల్ పేరుతో కేంద్రాలు పెట్టింది. వాటిలో కొన్నింటిని మహిళా సంఘాలే నడిపాయి. పూర్తిగా లాభం మీదే నడపాలనుకున్న పెద్ద కంపెనీకీ ఇదే ఎదురైంది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ పేద దేశాల్లో అమ్మబోయిన నీటిశుద్ధి పొడి పొట్లాలు చివరికి దాతృత్వ కార్యక్రమంగా మారాయి.

వీటి పక్కనే చాలా మండల కేంద్రాల్లో ఏ సంస్థ పేరూ లేని సొంత ప్లాంట్లు లేచాయి, ఆటోలో క్యాన్లు ఇంటికి చేరవేసే బేరం పెరిగింది. ఇంటి ముందుకు వచ్చిన క్యాను ధర ప్లాంటు దగ్గరి ధరకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కూలికి పోయే ఆడవాళ్లకు పొద్దున మిగిలే ఆ అరగంట విలువైనదే, కాబట్టి ఈ ఖర్చును దండగ అనలేం. అసలు ఆందోళన నాణ్యత గురించి. అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటరు నీటిలోని మొత్తం లవణాలను కొలుస్తుంది. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. సీలు వేసిన నీళ్లకు ఆహార భద్రతా నిబంధనలున్నాయి, సొంత క్యానులో పట్టుకునే నీళ్లను పరీక్షించేవారు అరుదు. తియ్యగా ఉండాలని లవణాలన్నీ తీసేస్తే ఒంటికి కావలసిన కాల్షియం కూడా పోతుంది. క్యాను నీళ్లు తాగడానికే ఉంచి, పప్పు, అన్నం బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడ్ కంచంలోకి వస్తూనే ఉంటుంది. ఆర్వో వదిలేసే నీరు కూడా తక్కువేమీ కాదు. శుద్ధి చేసినంత నీరు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, చిక్కటి ఫ్లోరైడ్‌తో మోరీలోకి పోతుంది. కరువు నేలలో దీన్ని చిన్న విషయంగా కొట్టివేయరాదు.

2016లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ నల్లా నీటి పథకం మిషన్ భగీరథతో పరిస్థితి మారింది. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి కృష్ణా నదిపై ఉన్న శ్రీశైలం జలాశయం వెనుక జలాలను ఎత్తి, శుద్ధి చేసి పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల నల్లాలకు పంపుతున్నారు. కృష్ణా నది నీటిలో ఫ్లోరైడ్ సమస్య లేదు కాబట్టి అసలు మందు ఇదే. అంత పొడవైన పైపులైను వేయడం ఏ చిన్న వ్యాపారి వల్లా కాదు. అయినా క్యాన్ల అమ్మకం ఆగలేదు. క్లోరిన్ వాసన, ట్యాంకు కడిగారో లేదోనన్న అనుమానం, నాలుకకు అలవాటైన రుచి జనాన్ని మళ్లీ ప్లాంటుకే పంపుతున్నాయి. నల్లా నీటి పరీక్ష ఫలితాలను నెలనెలా పంచాయతీ గోడ మీద రాస్తే చాలా ఇళ్లకు ఆ నూటయాభై మిగులుతుంది.

పారిశుద్ధ్యంలో వ్యాపారం ఇంకో రూపంలో ఉంది. స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహకంతో ఇంటింటా మరుగుదొడ్లు లేచాయి. గుంత, సెప్టిక్ ట్యాంకు నిండితే ఖాళీ చేసేది ఎక్కువగా ప్రైవేటు ట్యాంకర్లే. మనిషిని ట్యాంకులోకి దించి పాకీ పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. యంత్రంతో తోడినా, ఆ మలాన్ని ఊరి బయట పారబోస్తే రాతి పగుళ్ల గుండా మళ్లీ బోర్లలోకే దిగుతుంది. వరంగల్ నగరపాలక సంస్థ 2016లో ఇందుకు నిబంధనలు తెచ్చి, ట్యాంకర్లకు లైసెన్సులు పెట్టి, తర్వాత శుద్ధి కేంద్రం కట్టింది. ధర మాత్రం అప్పటికప్పుడు ఇల్లే ఇచ్చుకోవాలి, దాంతో పేదింట్లో ట్యాంకు పొర్లేదాకా ఎవరినీ పిలవరు. ఇందుకు భిన్నంగా మహారాష్ట్రలోని వాయి పట్టణంలో మూడేళ్లకోసారి వంతులవారీగా ప్రతి ఇంటి ట్యాంకునూ ప్రైవేటు గుత్తేదారే తోడతాడు. అతనికి డబ్బు పురపాలక సంఘం పన్నుల నుంచి అందుతుంది, ఇంటివాళ్లు విడిగా ఏమీ ఇవ్వనక్కర్లేదు.